మెట్టె ఊగిన చోటు

నా పెళ్ళి మా మేనత్త కొడుకుతో అయింది. కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. ఊళ్ళో ఎక్కడ చూసినా గుడారాలు, వాటిలో ఆఫీసులు, అద్దె ఇళ్ళ కోసం తిరిగే గుమాస్తాలు. మా నాయన ముందరి గదులు రెండూ అద్దెకిచ్చేసి మమ్మల్నందరినీ వెనక వసారాలోకి తరిమినాడు. ఆ వసారాలో కూర్చునే నేను ఇంటర్మీడియట్ మొదటి ఏడు చదివాను. రెండో ఏడు చదవకుండానే పత్తికొండ పక్క పల్లెకు కాపరానికి పోయాను. చదువు ఆగిపోయిందని బాధ ఉండింది గానీ అత్తగారంటే భయం లేదు. ఆమె మా నాయనకు సొంత అక్క. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. పెళ్ళయినాక కూడా నన్ను "పాపా" అనే పిలిచేది.

కాలేజీలో నాకు బాగా నచ్చింది సైన్సు గది. అక్కడ ఒక ఇనుప గుండును దారానికి కట్టి వేలాడదీసి, అది అటూ ఇటూ ఊగడానికి ఎంతసేపు పడుతుందో మాతో లెక్కపెట్టించేవాళ్ళు. ఎవరో ఒకరు తోస్తే తప్ప ఆ గుండు కదిలేది కాదు. తోస్తే ఎంత ఊగాలో అంతే ఊగేది. దానికి సొంత బుద్ధి లేకపోవడమే నాకు నచ్చింది.

కాపరానికి పోయిన నెలలోపే మా అత్త చేతిలో సొంత బుద్ధి ఉన్న గుండును చూశాను. అది గుండు కాదు, మెట్టె. మా తాత పోయినాక మా జేజి కాలి నుంచి తీసి కూతురికిచ్చిన వెండి మెట్టె. మా అత్త దానికి నల్లదారం కట్టి పోపుల డబ్బా పక్కన గూట్లో పెట్టుకుంది. ఇంట్లో ఏ సంగతి తేలకపోయినా అది బయటికి వచ్చేది. దారాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెట్టెను వేలాడదీసేది. గుండ్రంగా తిరిగితే ఔను. అటూ ఇటూ ఊగితే కాదు. ఊరగాయ జాడీ ఇప్పుడు తెరవాలా, ఇంకో వారం ఆగాలా? మేతకు పోయిన ఎనుము తూర్పు దిక్కున ఉందా, వాగు దిక్కున ఉందా? అన్నీ మెట్టెనే అడిగేది. ఎనుమంటే ఆ పక్క గేదె.

ఒకరోజు కోడిని పొదగేస్తూ గుడ్ల మీద మెట్టె పట్టుకుంది. గుండ్రంగా తిరిగిన గుడ్డులో పెట్ట, నిలువుగా ఊగిన గుడ్డులో పుంజు అని చెప్పింది. నేను పక్కన కూర్చుని పొయ్యి బొగ్గుతో పెట్ట అన్నదానికి సున్నా, పుంజు అన్నదానికి గీత పెట్టాను. పిల్లలు బయటికి వచ్చినాక ఏ గుడ్డులోంచి ఏది వచ్చిందో గుర్తుండటానికి కాళ్ళకు రంగు దారాలు కట్టాను. మూడు నెలలు ఆగి చూస్తే సగం సరిపోయాయి, సగం తప్పిపోయాయి.

"చూసినావా అత్తా, తప్పు చెప్పింది" అన్నాను.

"గుడ్డు లోపల ఏముందో నాకు మాత్రం ఏం తెలుసు పాపా" అంది ఆమె, వాటికి నూకలు చల్లుతూ.

నాకు ఆ మాట అప్పుడు ఎక్కలేదు. ఆమెను ఓడించాలన్న పట్టుదల ఒక్కటే ఉండింది. మరుసటి రోజు మధ్యాహ్నం, అందరూ జొన్నరొట్టెలు తిని నడుం వాల్చిన వేళ, మూడు గిన్నెలు బోర్లించి ఒకదాని కింద బెల్లం ముక్క పెట్టాను. మొదటిసారి ఆమె చూస్తుండగానే పెట్టాను. మెట్టె ఆ గిన్నె మీదికి రాగానే గిర్రున తిరిగింది. రెండోసారి ఆమెను అటు తిరగమని పెట్టాను. ఈసారి మెట్టె ప్రతి గిన్నె మీదా ఒకే మాదిరి నీరసంగా కదిలింది. ఆమె ఏదో ఒకటి చూపించాలి కదా అని నడిమి గిన్నె చూపించింది. బెల్లం చివరి గిన్నె కింద ఉంది. ఆరుసార్లు ఆడాం. ఆమె చూసినప్పుడల్లా మెట్టె గెలిచింది, చూడనప్పుడు ఓడింది.

"అత్తా, దీనికేమీ తెల్దు" అన్నాను గర్వంగా.

ఆమె నవ్వి బెల్లం నోట్లో వేసుకుంది. "నువ్వు బెల్లం యాడ పెట్టినావో నాకే తెల్దు. నాకు తెల్దంటే దానికెట్ల తెలుస్తాది?"

"మరి నువ్వే కదలేస్తాండావన్నమాట."

"నేను కదిలించల్యా. దేవుని తోడు. నా చెయ్యి చూడు, రాయి మాదిరి ఉండాది. కావాలంటే నువ్వు పట్టుకో."

పట్టుకున్నాను. మోచేయి గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి, వేళ్ళు కదలకుండా చూసుకుంటూ, మనసులో మాత్రం 'గుండ్రంగా తిరుగు' అనుకున్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత మెట్టె సన్నగా వణికింది. ఆ వణుకు చిన్న సున్నా అయింది. చూస్తుండగానే ఆ సున్నా పెద్దదయింది. నా వేళ్ళు కదలడం లేదు, నేను కళ్ళారా చూస్తున్నాను. 'నిలువుగా' అనుకున్నాను. సున్నా కోలగా సాగి గీత అయింది. 'ఆగు' అనుకుంటే ఆగింది. మెట్టెను ఒళ్ళో పడేసి చేతులు చీరకు తుడుచుకున్నాను. మా అత్త మాత్రం ఇంటికి వచ్చిన చుట్టాన్ని నాకు పరిచయం చేసినంత సంతోషంగా నన్నే చూస్తూ ఉంది.

సాయంత్రం మా ఆయన చేను నుంచి రాగానే ఆయన చేతికీ ఇచ్చాను. ఎంతసేపటికీ కదలలేదు. ఏమనుకుంటున్నావని అడిగితే, ఎడమపక్క ఎద్దు కుంటుతోంది, దాని గురించి అనుకుంటున్నానన్నాడు.

నా తలపు వెండిని కదిలిస్తుందంటే నమ్మలేను. కదలడం చూశాను కాబట్టి నమ్మకుండానూ ఉండలేను. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు దారి తోచింది. చెయ్యి లేకుండా చూస్తే సరి. మెట్టె దారాన్ని వసారాలో చిలక్కొయ్యకు కట్టి, ఎదురుగా చాప వేసుకుని కూర్చుని, కళ్ళార్పకుండా చూస్తూ 'తిరుగు, తిరుగు' అనుకున్నాను. మా అత్త పని ముగించుకుని వచ్చి, ఒక్కదాని బలం చాలదేమోనని తనూ కూర్చుంది. పక్కింటామె నిప్పుకు వచ్చి, ఎందుకో అడిగి, ఆమె కూడా కూర్చుంది. ముగ్గురం మాటా పలుకూ లేకుండా గోడ వైపు చూస్తున్నప్పుడు మా మామ లోపలికి వచ్చాడు. తలగుడ్డ తీసి చేత పట్టుకుని మెల్లగా అడిగాడు.

"ఎవరన్నా పోయినారా?"

సంగతి విని ఆయన కూడా మా వెనక నిలబడి చూశాడు. మెట్టె ఒక్కసారి కదిలింది. నలుగురం ముందుకు వంగాం. అప్పుడే వాకిలి తలుపు కూడా కొట్టుకుంది. గాలి. తలుపు మూసి ఇంకా అరగంట చూశాం. అది మేకులాగా నిలబడిపోయింది.

అంతవరకు తేలింది. ఒంటరి తలపుకు మెట్టెను కదిలించే బలం లేదు. మధ్యలో చెయ్యి ఉండాలి. చెయ్యి కదిలేది మనకు కనిపించనంత సన్నంగా, మనకు తెలియకుండానే కదులుతుంది. ఈ మాట మా అత్తకు చెబితే, "అదే కదా నేను మొదట్నుంచీ చెప్తాండేది" అంది. ఆమె అట్లా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడు బుడ్డలు పీకినాక, అంటే శెనక్కాయలు ఇంటికి చేరినాక, మా మామ చేన్లో బావి తవ్వించాలనుకున్నాడు. ఎర్రనేల, వాన పడితే పంట, లేకపోతే లేదు. నందికొట్కూరు వైపు నుంచి నీళ్ళు చూసే పెద్దాయనను పిలిపించాడు. తెల్లటి మీసాలు, శుభ్రమైన పంచె, మాట్లాడితే మెల్లగా మాట్లాడే మనిషి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవాడు. నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిలబడుతుంది. ఆ రోజు పడమటి గట్టు దగ్గర నిలబడింది, నేనూ చూశాను. మా మామ అక్కడ రాయి పాతి, మధ్యాహ్నం బస్సు పోతుందేమోనని ఆయనను బండిలో పత్తికొండకు తోలుకుపోయాడు.

బావులు తవ్వే ఒడ్డెవాళ్ళు వచ్చారు. ఒక మనిషి నిలువు ఎర్రమట్టి, ఇంకో నిలువు గరుసు, ఆ తర్వాత రాయి. రాతిలో ఇంకా రెండు నిలువులు దిగారు. అడుగున దుమ్ము లేచింది. వాళ్ళు వేరే ఊళ్ళో ఒప్పుకున్న పని ఉందని పనిముట్లు సర్దుకుని పోయారు. మా మామ రోజూ సాయంత్రం ఆ గుంత గట్టున కూర్చుని లోపలికి చూసేవాడు. ఇంటికి వచ్చి అన్నం కలుపుకుని, తినకుండా చెయ్యి కడిగేసేవాడు.

నాకు చూడబుద్ధి కాలేదు. "అత్తా, మెట్టె తీసుకుని చేన్లోకి పోదాం రా" అన్నాను.

"మొగోళ్ళు చూసుకునే పని అది. పైగా నువ్వే అంటివి కదా, దానికేం తెల్దని."

"దానికి తెల్దు. నీకేమన్నా తెలుసేమో చూద్దాం."

పొద్దున రొట్టె మూట కట్టుకుని బయల్దేరాం. బుడ్డలు పీకేసిన చేను, కాలి కింద మట్టిగడ్డలు గుచ్చుకునే నేల. ఆమె దారం పట్టుకుని సాలు వెంబడి నడుస్తోంది, పక్కన నేను. పడమటి దిక్కున కదలలేదు. నడిమిన కదలలేదు. తూర్పు మూలకు, తంగేడు చెట్ల పక్కకు వచ్చేసరికి మెట్టె తిరగడం మొదలుపెట్టింది. ముందుకు పోయి మళ్ళీ వెనక్కి వచ్చినా అక్కడే తిరిగింది.

నేను ఆమె కళ్ళకు చీర కొంగు కట్టి, చెయ్యి పట్టుకుని చేనంతా అడ్డదిడ్డంగా తిప్పాను. నాలుగుసార్లు అదే మూల మీదుగా నడిపించాను. మెట్టె కదలలేదు. కట్టు విప్పగానే మళ్ళీ అక్కడే తిరిగింది.

"అత్తా, నువ్వు ఈడ ఏదో చూసినావు. ఏం చూసినావో చెప్పు."

"నేనేం చూసినా? ఏమీ చూడల్యా."

తంగేడు నీడలో కూర్చుని రొట్టె తిన్నాం. నేను వదలకుండా అడుగుతూనే ఉన్నాను. మొదట ఒక్క ముక్క వచ్చింది. "ఈ మూల కలుపు ఎప్పుడూ ఎక్కువే. రెండుసార్లు తీయాల్సి వస్తాది." కాసేపటికి ఇంకొకటి. వాన లేని ఏడు చేనంతా వాడిపోయినా ఇక్కడి బుడ్డచెట్లు వారం ఆలస్యంగా వాడుతాయట. పీకినప్పుడు వేళ్ళకు మన్ను అంటుకుని వస్తుందట, మిగతా చోట పొడిగా రాలిపోతుందట. ఎండాకాలం ఎనుమును వదిలితే వచ్చి ఇక్కడే పడుకుంటుందట. చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయి చేను వైపు చూసింది.

"ముప్పై ఏండ్లుగా ఈ చేన్లో వంగి పని చేస్తాండా పాపా. ఇవన్నీ నాకు తెలుసని ఇప్పుడే తెలిసింది" అంది.

నాకు ఆనందం పట్టలేదు. ఇంటికి వచ్చి మామ ముందు కూర్చుని, కాలేజీలో పాఠం అప్పజెప్పినట్టు ఒక్కొక్క కారణమే చెప్పాను. కలుపు, వాడని చెట్లు, వేళ్ళకంటిన మన్ను, ఎనుము. ఆయన చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు.

"గడ్డి వానకు మొలుస్తాది, ఎనుము నీడకు పడుకుంటాది. దాంట్లో ఏముందమ్మా" అన్నాడు. చుట్ట నుసి దులిపి, "మెట్టె పట్టుకోల్యా మీ అత్త?" అని అడిగాడు.

"పట్టుకునింది."

"ఏం చెప్పింది?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను మా అత్త వైపు చూశాను. సైన్సు చదివిన నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. "తూర్పు మూల గిర్రున తిరిగింది మామా."

ఆయన చుట్ట ఆర్పేసి లేచి నిలబడ్డాడు. "ఆ మాట ముందు చెప్పొద్దా?"

ఒడ్డెవాళ్ళు తిరిగి రావడానికి నెల పడుతుందని కబురు వచ్చింది. మా మామ ఆగలేకపోయాడు. మరునాడే మేమే మొదలుపెట్టాం. ఆయన, మా ఆయన గడ్డపారలతో తవ్వేవాళ్ళు. మేమిద్దరం గంపలతో మన్ను మోసి గట్టున పోసేవాళ్ళం. కర్నూల్లో నా చేతులకు సిరా తప్ప ఇంకేమీ అంటింది లేదు. మూడో రోజుకు బొబ్బలు లేచాయి. వాటికి ఆముదం పూసుకుని, రాత్రి అన్నం మా అత్త కలిపి ముద్దలు పెడితే తిన్నాను. ఎండ, చెమట, మట్టి, అయినా ఆ రోజుల్లో ఇంట్లో అందరం శానా నవ్వుకున్నాం. ఎందుకో చెప్పలేను. అంతకుముందు ఎప్పుడూ నలుగురం కలిసి ఒకే పని చేయలేదు, అదేనేమో.

ఒకటిన్నర నిలువు దిగినాక ఒడ్డెవాళ్ళు వచ్చి అందుకున్నారు. మూడో నిలువులో ఉండగా ఒక మధ్యాహ్నం అడుగు నుంచి ఒకతను గంపలో మన్ను పైకి పంపుతూ, "దీన్ని చేత్తో పట్టుకుని చూడండమ్మా" అన్నాడు. పిడికిట్లో పట్టుకుంటే ముద్ద అయింది. సాయంత్రానికి అతని మడమలు మునిగాయి. వారంలో నిలువెత్తు నీళ్ళు నిలిచాయి.

మా మామ దోసిట్లో పట్టి తాగి, మొహం అదోలా పెట్టాడు. "ఉప్పు" అన్నాడు. మా అత్త ఆ నీళ్ళతో పప్పు పెట్టి చూసింది. పొద్దున పెట్టిన పప్పు మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉంది. ఆ పూట అందరం కారం, నూనె వేసుకుని రొట్టె తిన్నాం. తాగే నీళ్ళకు ఊరిబావికే పోవాలి. మిరపకు, వంకాయకు మాత్రం ఆ నీళ్ళు పనికొస్తాయని చూసినవాళ్ళందరూ చెప్పారు.

సంగతి ఊళ్ళో పాకింది. ఒక రైతు బండి కట్టుకుని వచ్చి మా అత్తను తన చేనికి తీసుకుపోయాడు. తోడు నేనూ పోయాను. మెట్టె ఎక్కడా కదలలేదు. ఆమె దారం చుట్టేసి, "నాకీ చేను తెల్దప్పా. మీ ఇంట్లో కలుపు తీసే ఆడోళ్ళను అడుగు" అని బండెక్కింది. అతను చిన్నబుచ్చుకున్నాడు. ఆమె దారిపొడుగునా హాయిగా వక్కాకు నమిలింది.

టెంకాయ పెద్దాయన కూడా వచ్చాడు. తప్పయినందుకు మొహం చూపించకుండా ఉండొచ్చు, కానీ ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు. రెండు గుంతలూ చూశాడు. తూర్పు మూల తంగేడు కింద చాలాసేపు కూర్చుని ఇంటికి వచ్చి మజ్జిగ తాగాడు.

"చేన్లోకి దిగేముందు గట్టు మీద ఒక గంట కూచోమని మా నాయన చెప్పేవాడు. చెట్లు చూడు, పుట్టలు చూడు, పశువు యాడ మేస్తాందో చూడు, అంతా చూసినంక టెంకాయ పట్టుకో అనేవాడు" అన్నాడు. "ఆ రోజు బస్సు అందదేమోనని దిగీ దిగకముందే పట్టుకున్నా."

"మరి టెంకాయ ఎందుకు లేచింది?" అని అడిగాను.

ఆయన మీసాల చాటున నవ్వాడు. "పడమటి గట్టు మీద మీ మామ నిలబడి ఆశగా చూస్తాండె తల్లీ. ఆయన మొహం చూస్తే నా టెంకాయ కూడా లేచింది."

మా మామ పెద్దాయనకు ఇంకో లోటా మజ్జిగ పోయమన్నాడు.

ఆ తర్వాత ఎవరైనా మనిషి తలపుకు వస్తువులు కదులుతాయా అని అడిగితే, నేను కదలవనీ చెప్పలేదు, కదులుతాయనీ చెప్పలేదు. మూడు నిలువుల మన్ను గట్టున పోగై ఉండటం చూశాను. అది తనంతట తాను అక్కడికి రాలేదు. మా అత్త తలపుల్లో ఉన్నది ఆమె వేలికి దిగింది, వేలి నుంచి మా మామ మనసుకు పోయింది, అక్కడి నుంచి నాలుగు జతల చేతులకు వచ్చింది. అంతకన్నా విడమరిచి చెప్పే చదువు నాకు లేదు.

వానలు తగ్గినాక కపిల బిగించారు. తోలు బొక్కెన బావిలోకి దింపి ఎద్దులతో పైకి లాగిస్తారు. మొదటి రోజు పత్తికొండ నుంచి చుట్టాలొచ్చారు. మా ఆయన ఎద్దులను ఏటవాలు దారిలో కిందికి తోలాడు. బొక్కెన పైకి వచ్చి తొట్టిలో నీళ్ళు ధారగా పడ్డాయి. అందరం కాలువ వెంబడి నడిచాం. పది బారలు పోయినాక నీళ్ళు మా చేను వైపు తిరగకుండా ఆగి, ఒక క్షణం ఆలోచించుకున్నట్టు నిలిచి, గట్టు కిందినుంచి పక్క చేన్లోకి దారి తీశాయి. తూర్పు మూల మా చేన్లోకెల్లా పల్లం. బావి ఎక్కడ తవ్వాలని అన్ని నెలలు తలలు బద్దలు కొట్టుకున్న వాళ్ళం, ఆ నీళ్ళు మా పంటకు ఎట్లా ఎక్కుతాయని ఒక్కరమూ అనుకోలేదు.

పక్క చేను రైతు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. "ఏమప్పా, మాకు పంపిస్తాండారా?" అని అడిగాడు.

"ఆఁ, మొదటి నీళ్ళు మీకే" అన్నాడు మా మామ, తలగుడ్డ సర్దుకుంటూ.

కాలువ కట్ట ఎత్తు చేయడానికి ఇంకా పన్నెండు రోజులు మన్ను మోశాం. ఆలోపల పక్క చేను రైతు ఆ నీళ్ళతోనే తన పల్లంలో వంగనారు నాటుకున్నాడు. మా మిరప ఇంకా పూతకు రాకముందే, ఆయన భార్య గంపెడు వంకాయలు మా వాకిట్లో దించి పోయింది.